సరుకుల బిల్లు తగ్గాలంటే ముందు చెత్తబుట్ట చూడండి

ఆఫర్లు వెతికి, పెద్ద ప్యాకెట్లే కొంటున్నా నెలసరి సరుకుల ఖర్చు పెరుగుతూనే ఉందని, ఎక్కడ తగ్గించాలో తెలియడం లేదని రాశారు. ఆఫరైనా, పెద్ద ప్యాకెట్టయినా మనతో కాస్త ఎక్కువ కొనిపించడానికే పెడతారు. ఎక్కువ కొన్నదంతా వాడుకుంటేనే మనకు లాభం. అందుకే ధరల కంటే ముందు, మీ ఇంట్లో ఏం పారేస్తున్నారో చూడమంటాను.

మా ఇంట్లో సరుకులు తెచ్చేది నేనే. ఫ్రిజ్ తలుపుకి ఒక కాగితం అంటించి, ఏది పారేసినా దాని పేరు, ఎందుకు పారేశామో రాయడం మొదలుపెట్టాం. కొన్ని వారాలు తిరక్కుండానే అవే పేర్లు మళ్లీ మళ్లీ వచ్చాయి. వాడిపోయిన ఆకుకూరలు, సగంలో మిగిలిపోయిన బ్రెడ్, ఫ్రిజ్‌లో వెనక్కి వెళ్లి ఎవరికీ కనపడకుండా పోయిన డబ్బాలు. వాటిని కొనడమేమీ మానలేదు. ఆకుకూరలు సగమే తెచ్చి వెంటనే వండేస్తున్నాం, బ్రెడ్ సగం ఫ్రీజర్‌లో పెడుతున్నాం, పాత డబ్బాలను ముందుకు జరిపి కొత్తవి వెనక సర్దుతున్నాం. ఖర్చులో తేడా మాకు మొదట తెలిసింది ఇక్కడే. ఇది మీకో నాకో మాత్రమే ఉన్న సమస్య కాదు. 2022లో ప్రపంచవ్యాప్తంగా 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయిందని, అందులో 60 శాతం ఇళ్లలోనే అని ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024 నివేదికలో చెప్పింది.

తేదీ చూసి కంగారుగా పారేసేవి కూడా చాలా ఉంటాయి. ‘బెస్ట్ బిఫోర్’ అని ఉంటే అది రుచికి, నాణ్యతకు పెట్టిన గడువు. ఆ తేదీ దాటినా చూసి, వాసన పట్టి, బాగుంటే వాడుకోవచ్చు. ‘యూజ్ బై’ అని ఉంటే మాత్రం ఆదా కోసం సాహసం చేయకండి. అది ఆరోగ్యానికి సంబంధించిన గడువు.

ఇక ధరల సంగతి. ప్యాకెట్ ధర పక్కన పెట్టి, కిలోకో లీటరుకో ఎంత పడుతుందో చూడండి. పెద్ద ప్యాకెట్టే చౌక అని ఏమీ లేదు, కొన్నిసార్లు మధ్య సైజుదే తక్కువ పడుతుంది. బరువు కూడా చదవాలి. 500 గ్రాముల ప్యాకెట్‌ను 425 గ్రాములు చేసి అదే ధరకు అమ్మితే, ధర 17 శాతానికి పైగా పెరిగినట్టే కదా! నూనె దగ్గర ఇంకాస్త జాగ్రత్త కావాలి. లీటరు నూనె తూకం సుమారు 910 గ్రాములే. కాబట్టి లీటరు ప్యాకెట్, కిలో ప్యాకెట్ ఒకే ధరకు ఉంటే కిలోది తీసుకోండి, దాదాపు పదో వంతు నూనె ఎక్కువ వస్తుంది.

ఆఫర్లను కూడా ఇలాగే లెక్కేసుకోవాలి. అదే ధరకు 20 శాతం అదనం అంటే మనకు దక్కే తగ్గింపు 17 శాతం లోపే. ‘రెండు కొంటే ఒకటి ఉచితం’ అన్నదాంట్లో మూడూ వాడితే మూడో వంతు మిగులుతుంది, ఒకటి పాడైతే మిగిలేది సున్నా. సబ్బులు, ఉప్పు లాంటివైతే ధైర్యంగా తీసుకోండి. త్వరగా పాడయ్యేవాటికి ఈ ఆఫర్లు నాకైతే ఎప్పుడూ కలిసిరాలేదు.

ఉప్పు, చక్కెర లాంటివాటిలో బ్రాండు కోసం ఎక్కువ పెట్టడం అనవసరం. కోసి అమ్మే కూరగాయలకు పనిమాలా డబ్బు పెట్టకండి, ఓపిక ఉంటే ఇంట్లో కోసుకోవడమే మేలు.

మీరు తరచూ కొనేవాటి కిలో ధర, లీటరు ధర ఫోన్‌లో రాసి పెట్టుకోండి. ఈసారి ఆఫర్ బోర్డు కనపడగానే దాంతో పోల్చి చూడొచ్చు. ఫ్రిజ్ మీద కాగితం మాత్రం ఇవాళే అంటించండి. ఓ నెల తర్వాత అందులో ఏ పేర్లు ఎక్కువగా ఉన్నాయో ఇక్కడే రాస్తే, వాటిని ఎలా నిల్వ చేసుకోవాలో నాకు తెలిసినంత చెబుతాను.