హైకోర్టులో లీగల్ ఎయిడ్ తరఫున క్రిమినల్ అప్పీళ్ళు చేయడం ఎలా ఉంటుంది?

ఎల్‌ఎల్‌బీ చివరి సంవత్సరంలో ఉన్నాను, ఫీజు ఇచ్చుకోలేని ఖైదీల తరఫున హైకోర్టులో అప్పీళ్ళు వాదించాలని ఉంది, ఆ పని నిజంగా ఎలా ఉంటుంది, దాని మీద బతకొచ్చా అని అడిగారు. నేను తెలంగాణ హైకోర్టులో ఉచిత న్యాయ సహాయం ఇచ్చే లీగల్ సర్వీసెస్ ప్యానెల్లో ఉన్న అడ్వకేట్‌ని, ఉమ్మడి హైకోర్టు రోజుల నుంచీ క్రిమినల్ సైడే చేస్తున్నాను.

ఒకటి ముందే తెలుసుకోండి. ఈ పనిలో నిలబడి మాట్లాడేది కాసేపే, కూర్చుని చదివేది మాత్రం రోజుల తరబడి. గట్టిగా వాదించడం ఇష్టమని వస్తే నిరాశ పడతారు, ఎవరూ పట్టించుకోని కాగితాన్ని మూడోసారి తిరగేసే ఓపిక ఉంటే మాత్రం ఇంతకన్నా మంచి పని క్రిమినల్ ప్రాక్టీసులో నాకు కనబడలేదు.

కేసు మన చేతికి వచ్చేసరికి క్లయింటు మొహం కూడా చూసి ఉండం. సెషన్స్ కోర్టులో శిక్ష పడి చర్లపల్లిలోనో చంచల్‌గూడలోనో ఉన్న మనిషి అప్పీలు చేసుకుంటానంటే, జైలు సూపరింటెండెంట్ తీర్పు కాపీతో పాటు కాగితాలు పంపిస్తారు, హైకోర్టు లీగల్ సర్వీసెస్ కమిటీ వాటిని ప్యానెల్లో ఒకరికి అప్పగిస్తుంది. కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయ పరిమితి కూడా లేదు, 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 12వ సెక్షన్ ఆ హక్కు ఇచ్చింది. తీర్పు కాపీ ఉచితంగా ఇవ్వాలి, అప్పీలుకి వకీలుని కూడా ఇవ్వాలి అని జస్టిస్ కృష్ణయ్యర్ 1978లో హోస్కోట్ కేసులో రాశారు, ఆ తీర్పు ఒకసారి పూర్తిగా చదవండి, మీరు చేయబోయే పనికి పునాది అదే.

హైకోర్టుకి అప్పీలు గడువు 60 రోజులు, మరణశిక్ష అయితే 30. జైలు నుంచి వచ్చే చాలా అప్పీళ్ళు ఈ గడువు దాటాకే వస్తాయి. ఎందుకంటే ఇంట్లోవాళ్ళు ముందు ప్రైవేటు వకీలు కోసం తిరుగుతారు, ఉన్న కొద్దిపాటి పొలం తాకట్టు పెట్టడానికి చూస్తారు, అదీ కుదరక చివరికి ఇటు వస్తారు. కాబట్టి ఆలస్యాన్ని మన్నించమనే పిటిషన్ మీ మొదటి పని అవుతుంది. జైలు రికార్డుల్లో తేదీలు సరిగ్గా తెప్పించుకుంటే ఇది పెద్ద కష్టం కాదు.

అసలు పని పేపర్ బుక్ (కింది కోర్టు రికార్డంతా ఒకచోట చేర్చిన పుస్తకం) దగ్గర మొదలవుతుంది. అప్పీల్లో చాలా అరుదుగా తప్ప కొత్త సాక్ష్యం రాదు, కింది కోర్టులో రికార్డుకి ఎక్కిందే మీకు దిక్కు. నేను తీర్పుని ఆఖర్న చదువుతాను. ముందే చదివితే జడ్జిగారు సంఘటనల్ని పేర్చిన వరసే బుర్రలో కూర్చుంటుంది, ఇక సాక్షి వాంగ్మూలం చదివినా ఆ కళ్ళతోనే చదువుతాం. అందుకే ముందు ఎఫ్‌ఐఆర్, అది మేజిస్ట్రేట్‌కి ఏ రోజు ఎన్ని గంటలకి అందిందో దాని మీద ఉండే ఎండార్స్‌మెంట్ (ఇంట్లో జరిగిన హత్యకి పొద్దున్నే ఫిర్యాదు ఇచ్చారంటారు, ఎఫ్‌ఐఆర్ పక్క వీధిలో ఉన్న కోర్టుకి మర్నాడు చేరుతుంది, ఎందుకు?), తర్వాత ఇన్‌క్వెస్ట్ (శవ పంచనామా), పోస్ట్‌మార్టం, ఎఫ్‌ఎస్‌ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబ్) రిపోర్టు, సాక్షులు, ఐవో (దర్యాప్తు అధికారి) క్రాస్ ఎగ్జామినేషన్, చివర్లో 313 ప్రశ్నలు, అంటే సాక్ష్యం మీద నిందితుణ్ణి కోర్టు నేరుగా అడిగే ప్రశ్నలు, పాత సీఆర్‌పీసీలో 313, ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్‌లో 351.

ఆ 313ని ఎప్పుడూ తేలిగ్గా తీసుకోకండి. ఒక అప్పీల్లో కొడవలి మీద మనిషి రక్తం ఉందన్న ఎఫ్‌ఎస్‌ఎల్ రిపోర్టు మీదే శిక్షంతా ఆధారపడింది. కానీ ఆ రిపోర్టు గురించి నిందితుణ్ణి కోర్టు ఒక్క ప్రశ్న కూడా అడగలేదు, దానికి నువ్వేమంటావు అని అతనికి అవకాశమే ఇవ్వలేదు. అతని ముందు పెట్టని అంశాన్ని అతనికి వ్యతిరేకంగా వాడకూడదని 1984 శరద్ బిర్ధీచంద్ సర్దా తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. దానివల్ల మీ క్లయింటుకి జరిగిన నష్టమేంటని అవతలి నుంచి ప్రశ్న తప్పకుండా వస్తుంది, జవాబు సిద్ధంగా పెట్టుకునే నిలబడాలి. ఆ కేసులో రికవరీ మధ్యవర్తి, అంటే కొడవలి స్వాధీనానికి సాక్షిగా పెట్టిన మనిషి కూడా, సంతకం పోలీస్ స్టేషన్లోనే పెట్టానని క్రాస్‌లో ఒప్పుకున్నాడు. రెండూ కలిసి బెంచ్ శిక్ష కొట్టేసింది. క్రాస్‌లో ఆ ప్రశ్న వేసిన కింది కోర్టు వకీలుకి ఆ రోజు దాని విలువ తెలిసిందో లేదో కానీ, ఏళ్ళ తర్వాత ఒక మనిషి బయటికి రావడానికి అది పనికొచ్చింది.

రికవరీ అన్నాను కాబట్టి చెప్తున్నా, పులుకూరి కోటయ్య కేసు తెలుగు న్యాయవాదులకి కంఠతా ఉండాలి. గుంటూరు సెషన్స్ కోర్టు నుంచి మద్రాసు హైకోర్టు మీదుగా అప్పట్లో ఆఖరి అప్పీలు కోర్టయిన లండన్లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళిన కేసు. ఇంటి కప్పులో దాచిన కత్తి తీసిస్తాను అన్నంత వరకే సాక్ష్యం, ఆ కత్తితో పొడిచాను అన్న ముక్క సాక్ష్యం కాదు అని దాంట్లో తేల్చారు. దీనికి ఆధారమైన ఎవిడెన్స్ యాక్ట్ 27వ సెక్షన్ పోయి కొత్త చట్టం వచ్చినా ఆ నియమం అలాగే ఉంది. అయినా నిందితుడు పోలీసులకి నేరం ఒప్పుకున్నట్టు రాసిన కన్ఫెషన్ పంచనామా మొత్తాన్ని ఎగ్జిబిట్‌గా మార్క్ చేసిన రికార్డులు నాకు ఇంకా తగులుతూనే ఉన్నాయి.

ఇక ఎదురుచూపు. యావజ్జీవం పడ్డ అప్పీలు ఇద్దరు జడ్జిల డివిజన్ బెంచ్ ముందు తుది విచారణకి రావడానికి ఏళ్ళు పడుతుంది. ఈలోపు శిక్ష నిలిపివేసి బెయిల్ ఇమ్మని పిటిషన్ వేస్తాం. శిక్ష పడ్డాక 5 ఏళ్ళు జైల్లో గడిపి, అప్పీలు ఇంకా తేలని జీవిత ఖైదీలు బెయిల్ అడగొచ్చని 2016లో ఉమ్మడి హైకోర్టు బచ్చు రంగారావు కేసులో చెప్పింది, కొన్ని తీవ్రమైన నేరాలకి అది వర్తించదు. ఆ తేదీ దగ్గర పడుతున్న క్లయింట్ల జాబితా నేను విడిగా రాసి పెట్టుకుంటాను. ఎందుకంటే జైల్లో ఉన్న మనిషికి అది గుర్తుచేసేవాళ్ళు ఉండరు. ఒక తల్లి నాగర్‌కర్నూల్ వైపు నుంచి ఫోన్ చేసి "మేడమ్, మా పిల్లగాని కాగితం పైకి పోయిందా" అని అడిగేది, ఎప్పుడు చేసినా అదే ప్రశ్న. చెప్పడానికి కొత్తగా ఏమీ లేకపోయినా ఫోన్ ఎత్తండి. వీలైతే ములాఖత్‌కి కూడా వెళ్ళండి. అప్పీలు నడవడానికి అది అవసరం లేదు, కానీ తన తరఫున బయట ఒక మనిషి ఉందని అతనికి తెలియాలి.

గెలుపు అంటే నిర్దోషిగా విడుదల అనే అనుకోకండి. నా పనిలో ఎక్కువగా వచ్చే ఫలితం ఐపీసీ 302ని (హత్య) 304కి (హత్య కిందికి రాని నరహత్య) మార్పించడం. అప్పటికప్పుడు రేగిన గొడవలో ఒక్క దెబ్బ, ముందస్తు పథకం లేదు, ఆయుధం అక్కడ చేతికి దొరికినదే, ఇవి రికార్డులో చూపించగలిగితే యావజ్జీవం పదేళ్ళకో ఏడేళ్ళకో తగ్గుతుంది, కొందరు అనుభవించిన శిక్షతోనే ఇంటికి వెళ్తారు. తప్పు చేసినవాడి కోసం ఎలా వాదిస్తావని బంధువులు అడుగుతూనే ఉంటారు. చంపడం నిజమే అయినా ఎంత శిక్ష అనేది చట్టం ప్రకారం తేలాలి కదా, అది తేల్చడానికి ఎవరో ఒకరు రికార్డు చదవాలి. చనిపోయినవాళ్ళ కుటుంబం కోర్టు హాల్లో వెనక వరసలో కూర్చుని ఉంటుంది, వాళ్ళని చూసినప్పుడు మనసు బరువెక్కుతుంది, అది పోవాలని నేను అనుకోను కూడా.

అసలు చేయనివాడికే శిక్ష పడిన సందర్భాలూ ఉన్నాయి. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో జరిగిన విద్యార్థిని హత్య మీకు గుర్తుండే ఉంటుంది. ఆ కేసులో 2010లో శిక్ష పడిన యువకుణ్ణి ఉమ్మడి హైకోర్టు 2017 మార్చిలో నిర్దోషిగా వదిలేసింది. అరెస్టు నుంచి లెక్కేస్తే ఎనిమిదేళ్ళకి పైగా జైల్లోనే. అప్పీలు అనేది లాంఛనం అనుకునేవాళ్ళకి నేను ఈ కేసే చెప్తాను. వాస్తవాల్ని మొదటి నుంచి మళ్ళీ తూచి చూసే ఆఖరి చోటు దాదాపుగా హైకోర్టే, సుప్రీంకోర్టు మామూలుగా అంత లోతుకి దిగదు.

డబ్బు సంగతి సూటిగా చెప్తాను. కేసుకి ఇంత అని వచ్చే ప్యానెల్ ఫీజు మీదే ఇల్లు గడవదు. నేను ప్రైవేటు క్రిమినల్ కేసులు కూడా చేస్తాను, ప్యానెల్లో ఉన్నవాళ్ళం చాలామంది అంతే. పూర్తికాలం, నెలజీతం కావాలంటే జిల్లాల్లో నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) 2022లో తెచ్చిన లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ పద్ధతి ఉంది, అసిస్టెంట్‌గా కొత్తవాళ్ళని కూడా తీసుకుంటారు, కాకపోతే అక్కడ పని ప్రధానంగా సెషన్స్ కోర్టులో. మీకు నేను చెప్పేది కూడా అదే: ట్రయల్ వదిలేసి నేరుగా అప్పీళ్ళకి రాకండి. ఐవోని క్రాస్ చేయడం మీరే చేసి ఉండకపోతే, వేరేవాళ్ళు చేసిన క్రాస్‌లో అడగకుండా వదిలేసిందేమిటో మీ కంటికి కనబడదు. పైగా జీవిత ఖైదు, మరణశిక్ష పడగల కేసుల్ని లీగల్ ఎయిడ్ కింద అప్పగించాలంటే కనీసం 10 ఏళ్ళ ప్రాక్టీసు ఉన్నవాళ్ళకే ఇవ్వాలని 2019లో అనోఖీలాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి పెద్ద కేసులు ఎలాగూ వెంటనే రావు. ఈలోపు క్రిమినల్ అప్పీళ్ళు చేసే సీనియర్ దగ్గర జూనియర్‌గా చేరి, పేపర్ బుక్ చదివి తేదీల పట్టిక, సాక్షుల వారీ నోట్స్ తయారుచేసే పని అడిగి మరీ తీసుకోండి. ఆ నోట్స్‌లో ప్రతి వాక్యం పక్కనా పేజీ నంబరు రాయండి, బెంచ్ "ఎక్కడుందది" అని అడిగిన క్షణంలో పేజీ తీయగలిగితే మీ మాట వింటారు.