ఘాట్‌కోపర్‌లో బండి మారే పద్ధతి

సిరోంచ (గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర)

చిరంజీవికి పెద్దబాపు ఆశీస్సులు.

అంధేరీ తూర్పున ఉద్యోగం దొరికిందనీ, ప్రస్తుతానికి డోంబివలీలో మనవాళ్ళ గదిలో ఉంటావనీ మీ బాపు చెప్పగానే నాకు ముందుగా గుర్తుకు వచ్చింది ఘాట్‌కోపర్ స్టేషన్ వంతెన. ముంబయిలో మనిషిని అలసట పెట్టేది బండిలో గడిపే గంట కాదు, ఒక బండి దిగి ఇంకొకటి ఎక్కే ఆ పది నిమిషాలు. కనుక ఆ ఒక్క సంగతే రాస్తున్నాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో డోంబివలీ మీదుగా పోయే సెంట్రల్ లైన్ లోకల్ రైళ్ళవాళ్ళు అంధేరీకి రైల్లో పోవాలంటే దక్షిణాన దాదర్ దాకా పోయి, అక్కడ వెస్టర్న్ లైన్ పట్టుకొని మళ్ళీ ఉత్తరానికి రావలసి ఉండేది. 2014 జూన్ 8న వర్సోవా నుంచి అంధేరీ మీదుగా ఘాట్‌కోపర్‌కు మెట్రో మొదలయ్యాక ఆ చుట్టు తప్పింది. 11.4 కిలోమీటర్లు, 12 స్టేషన్లు, మొత్తం స్తంభాల మీదే. లోకల్ పట్టాల వెడల్పు 1,676 మిల్లీమీటర్లు, మెట్రోది 1,435. ఒకే బండి రెండింటి మీదా నడవదు కాబట్టి దిగి మెట్లెక్కడం నీకు ఏ రోజూ తప్పదు.

డోంబివలీ ప్లాట్‌ఫారం మీది ఇండికేటర్‌లో గమ్యం, ఫాస్టా స్లోనా, 12 బోగీలా 15 బోగీలా అన్నది చూసుకొని నిలబడు. బ్యాగు వీపు మీద కాదు, ఛాతీ మీద వేసుకో. విక్రోలీ వచ్చే లోపే తలుపు వైపు జరగడం మొదలుపెట్టి, ముందున్నవాణ్ణి "ఘాట్‌కోపర్‌లా ఉతరణార్ కా?" (ఘాట్‌కోపర్‌లో దిగుతారా) అని అడుగు, బడిలో నేర్చిన మరాఠీ అక్కడ పనికివస్తుంది. అతడు కాదంటే చోటు మార్చుకోవాలి. మన దగ్గర గోదావరి మీద వంతెన కట్టకముందు మనం పడవలో కాళేశ్వరం పోయినప్పుడు, ఒడ్డు తగిలాక లేచినవాడు చివరికే మిగిలేవాడు కదా. మెట్రో పట్టడం మొదలుపెట్టిన మొదటి వారంలోనే నేను అలా మొహమాటపడి కుర్లాకు చేరాను.

దిగాక పడమటి వైపు మెట్లు పట్టుకో, మెట్రో అటే ఉంది. నువ్వు ఎక్కిన బోగీ ఎదుటనే మెట్లు వస్తే సగం పని అయినట్టే. రాకపోతే మరునాడు రెండు బోగీలు ముందుకో వెనక్కో మారి చూడు. లోకల్ పాస్ మెట్రోలో చెల్లదు, దానికి టికెట్టో కార్డో వేరే తీసుకోవాలి. అక్కడ బ్యాగు తనిఖీ కూడా ఉంటుంది, అన్నం డబ్బా అడుగున నాణేలు, తాళాలు పోసుకోకు.

వాన కాలంలో మెట్ల మీద ఎంత మాత్రం ఆగవద్దు. 2017 సెప్టెంబరు 29న ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్ వంతెన మీద, వానకు ఆగిన జనం మీద జనం పడి 20 మందికి పైగా పోయారు. తోపులాట కనిపిస్తే ప్లాట్‌ఫారం మీదే గోడ పక్కన నిలబడి రెండు బండ్ల జనాన్ని పోనివ్వు. ఆలస్యానికి ఆఫీసరు అనే మాట నేను పడ్డాను, పడవచ్చు. సాయన్, కుర్లా మధ్య పట్టాలు మునిగినా ఘాట్‌కోపర్ అంతకు ముందే వస్తుంది కాబట్టి ఆశ వదులుకోకు. తోలు చెప్పులు మాత్రం వద్దు, ఆ తడి మెట్ల మీద నా చెప్పు ఒకటి జారి ఎవరి కాళ్ళ కిందో పోయి దొరకనే లేదు.

ఉద్యోగంలో చేరే ముందు ఒకసారి ఈ దారిలో ఊరికే వెళ్ళి చూడు, అయితే ఆదివారం పగలు వద్దు, పట్టాల మరమ్మతుకు బండ్లు తగ్గించే మెగాబ్లాక్ తరచుగా ఉంటుంది. శనివారం సాయంత్రం వెళ్ళి, ఏ బోగీ ఎదుట మెట్లు వచ్చాయో నాకు ఫోను చేసి చెప్పు. నా లెక్క ప్రకారం ముందు నుంచి నాలుగోది, ఇప్పటికీ అదేనా అని తెలుసుకోవాలని ఉంది.

మీ పెద్దబాపు