కంచం ముందు మౌనం, చేతి మీద గాయాలు

ప్రశ్న: మా అమ్మాయికి పదహారేళ్లు. విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. ఆరు నెలల్లో 11 కిలోలు తగ్గింది, మూడు నెలలుగా నెలసరి లేదు. దసరా సెలవులకు వచ్చినప్పుడు అన్నం కెలికి లేచిపోతుంటే గమనించాను. ముంజేతి మీద తనంతట తాను చేసుకున్న గాయాలూ కనిపించాయి. వాళ్ల నాన్నగారు మొండితనమంటున్నారు. పరీక్షలయ్యాక కౌన్సెలింగ్‌కు పంపితే సరిపోతుందా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, పరీక్షలదాకా ఆగకండి. ఉత్తరం చూసి జబ్బు పేరు చెప్పలేను గానీ, ఇది మొండితనం కాదు. ముందు శరీరాన్ని చూపించాలి: నాడి, రక్తపోటు, పొటాషియం, ఈసీజీ. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో మానసిక వైద్య విభాగం కూడా ఉంది. బాగా చిక్కిపోయిన మనిషికి ఒక్కసారిగా ఎక్కువ తిండి పెట్టడమూ ప్రమాదమే కనుక, ఎంతతో మొదలుపెట్టాలో డాక్టరే చెప్పాలి.

ఇది అనొరెక్సియా (బరువు పెరుగుతామన్న భయంతో తిండి బాగా తగ్గించేసే జబ్బు) అని తేలితే, ఈ వయసులో ముందుగా సూచించేది లండన్‌లోని మాడ్స్‌లీ ఆసుపత్రిలో రూపుదిద్దుకున్న కుటుంబ ఆధారిత చికిత్స. అందులో పిల్లను ఒంటరిగా కూర్చోబెట్టి కారణాలు తవ్వరు; ఏం తినాలో, ఎంత తినాలో కొంతకాలం తల్లిదండ్రులే నిర్ణయించి, పక్కన కూర్చుని తినిపిస్తారు, బరువు కుదుటపడుతున్నకొద్దీ ఆ బాధ్యతను మెల్లగా ఆమెకే అప్పగిస్తారు. ఇది నెలల తరబడి సాగే పని, అందుకే ప్రస్తుతానికి హాస్టల్ మాన్పించడం మంచిదని నా అభిప్రాయం. (ఇంటర్ ఒక ఏడాది ఆలస్యమైనా రాసుకోవచ్చు.)

గాయాల సంగతి వేరుగా చూడాలి. భరించలేని బాధను ఆ క్షణానికి అణచుకోవడానికి చాలామంది పిల్లలు ఇలా చేస్తారు. అమెరికన్ మనస్తత్వవేత్త మార్షా లినెహాన్ రూపొందించిన డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ) అనే మానసిక చికిత్స, ఆ ఉద్వేగం తగ్గేవరకు తనకు హాని చేసుకోకుండా నిలబడే పద్ధతులను నేర్పుతుంది. మీరు మాత్రం “నా మీద ఒట్టు, ఇంకెప్పుడూ చేయనను” అని మాట తీసుకోకండి. మళ్లీ చేస్తే దాచేస్తుంది. చనిపోవాలని అనిపిస్తోందా అని నిదానంగా, సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. మందులు, పదునైన వస్తువులు తాళం వేసి ఉంచండి.

మొదటి సిట్టింగ్‌కు వాళ్ల నాన్నగారు కూడా రావాలి. తిండి దగ్గర మీ ఇద్దరి మాటా ఒకటి కాకపోతే ఈ చికిత్స నడవదు. ఈలోగా మాట సాయం కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. అమ్మాయి కళ్లు తిరిగి పడిపోయినా, బతకాలని లేదని అన్నా, అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఆ రాత్రికి రాత్రే క్యాజువాలిటీకి తీసుకువెళ్లండి.