బిల్లు ప్రింటరుకు డ్రైవర్ రాస్తానంటున్న తమ్ముడికి

తమ్ముడూ,

మీ బాబాయి కిరాణా కొట్టులో ఉన్న చిన్న ప్రింటరు చేత తెలుగు బిల్లు కొట్టించాలన్న నీ ఆలోచన నచ్చింది. కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి అసలు భాగం) మీద లావుపాటి పుస్తకం కొనబోతున్నానని రాశావు, అది మాత్రం ఇప్పుడు వద్దు. డబ్బులు దండగ. డ్రైవర్ అనగానే కెర్నెల్ లోపలికి దిగాలేమో అని టెన్షన్ పడతారు చాలామంది. లినక్స్‌లో ప్రింటర్ డ్రైవర్ మామూలు ప్రోగ్రామే. ఒకవైపు పేజీ బొమ్మను చదువుకుంటుంది, రెండోవైపు ప్రింటరుకు తెలిసిన బైట్లు రాస్తుంది. దీన్ని ఫిల్టర్ అంటారు. ఆ బైట్లను యూఎస్‌బీ కేబుల్ దాటించే పని బ్యాకెండ్ అనే ఇంకో ప్రోగ్రాముది, అది ఎవరో రాసిపెట్టే ఉంచారు. నువ్వు రాయాల్సింది ఫిల్టర్ ఒక్కటే.

కోడ్ జోలికి పోకముందు ప్రింటరును కాస్త పరిచయం చేసుకో. ఫీడ్ బటన్ నొక్కిపట్టి పవర్ ఆన్ చేస్తే ఇలాంటివి చాలావరకు సెల్ఫ్ టెస్ట్ చీటీ కొడతాయి, అది దాచుకో. తర్వాత ఒక ఫైల్లో 27, 64 అనే రెండు బైట్లు, వెనకాలే నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, చివర 10 పెట్టి ఆ ఫైల్‌ను ఉన్నదున్నట్టు ప్రింటరుకు పంపు. 27, 64 కలిస్తే పాత సెట్టింగులన్నీ చెరిపెయ్యమని. 10 అంటే లైను దించమని. ఇవి ఎప్సన్ వాళ్ల ఈఎస్‌సీ-పీఓఎస్ ఆదేశాలు. ఇవాళ ఊరూ పేరూ లేని బిల్లు ప్రింటర్లు కూడా ఎక్కువగా వీటినే పాటిస్తాయి. చీటీ మీద ఆ నాలుగక్షరాలు కనిపించాయంటే కేబులూ, పోర్టూ, పర్మిషన్లూ బాగున్నట్టే. ఇక తప్పంటూ వస్తే నీ ప్రోగ్రాములోనే వెతుక్కోవాలి.

ఇప్పుడు అదే ఫైల్లో ‘చింతపండు’ అని పెట్టి పంపి చూడు. పిచ్చి గుర్తులు వస్తాయి. అన్ని భాషల అక్షరాలకూ నంబర్లిచ్చే యూనికోడ్ లెక్కన ఆ మాటలో 8 కోడ్‌పాయింట్లు, అంటే 8 నంబర్లు. ఆ నంబర్లను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి 3 బైట్ల చొప్పున మొత్తం 24 బైట్లు వెళ్తాయి. ప్రింటరేమో వాటిని తన దగ్గరున్న పట్టికలో చూసి, అక్కడ ఏ గుర్తు ఉంటే అది కొడుతుంది. చైనా సరుకైతే చైనీస్ అక్షరాలు కూడా రావచ్చు, కంగారుపడకు. గుణింతాలూ వొత్తులూ ఎక్కడ కూర్చోవాలో తేల్చేంత తెలివి ఆ ప్రింటరుకు లేదు. ఆ పని కంప్యూటర్లో హార్ఫ్‌బజ్ లాంటి లైబ్రరీ చేస్తుంది. కాబట్టి బిల్లంతా బొమ్మగానే వెళ్లాలి.

58 మిల్లీమీటర్ల కాగితపు చుట్ట మీద మామూలుగా అచ్చు పడే వెడల్పు 48 మిల్లీమీటర్లు. 203 డీపీఐ (అంగుళానికి 203 చుక్కలు) అంటే మిల్లీమీటరుకు దాదాపు 8 చుక్కలు, కాబట్టి అడ్డంగా 384 చుక్కలు. బైటుకు 8 చుక్కల లెక్కన వరసకు 48 బైట్లు. బొమ్మ పంపే ఆదేశం 29, 118, 48, 0. దాని తర్వాత వెడల్పు బైట్లలో, ఎత్తు వరసల్లో చెప్పాలి. ఒక్కోదానికి రెండేసి బైట్లు, తక్కువ విలువ స్థానం బైటు ముందు, రెండోది 256ల లెక్క. 24 వరసలైతే 24, 0. 300 వరసలైతే 44, 1. ఆ తర్వాత బొమ్మ. చవక ప్రింటర్లలో వచ్చిన బైట్లు దాచుకునే బఫర్ చిన్నది, అందుకని బిల్లంతా ఒకే బొమ్మగా కుమ్మరించకుండా కొన్నేసి వరసల ముక్కలుగా పంపు.

ఇక్కడే నీ పేపరంతా అయిపోతుంది, అయినా ఫర్వాలేదు. తప్పు ఎక్కడుందో ఆ చీటీయే చెబుతుంది. అక్షరాలు ఒక పక్కకి మెట్లు దిగినట్టు వాలిపోతుంటే వరస వెడల్పు తప్పు. నల్లటి పట్టీ మీద తెల్ల అక్షరాలు వస్తే రంగు తిరగబడింది: నీకొచ్చే బొమ్మలో 0 అంటే నలుపు, ప్రింటరుకేమో 1 నలుపు. అక్షరం చోటులోనే ఉండి ఎనిమిదేసి చుక్కలకు అంచులు తారుమారై కనిపిస్తే బైటులో బిట్లు తిరగేసి పెడుతున్నావు, ఎక్కువ విలువ బిట్టు ఎడమ పక్కకి రావాలి. బొమ్మ సగంలో ఆగి చెత్త గుర్తులు మొదలైతే, నువ్వు చెప్పిన ఎత్తు కంటే ఎక్కువ వరసలు పంపావు. మిగిలిన వాటిని ప్రింటరు అక్షరాలనుకుంది.

తెలుగు విషయంలో ఇంకో చిక్కుంది. తెర మీద అక్షరాల అంచులు నునుపుగా కనిపించడానికి బూడిదరంగు కలుపుతారు. వేడితో అచ్చు వేసే ఈ థర్మల్ ప్రింటరుకు నలుపు తప్ప వేరే రంగు లేదు. ఆ బూడిదరంగును చుక్కలుగా విడగొట్టే డిథరింగ్ వాడావంటే వొత్తులు ఇసుక రాలినట్టు తయారవుతాయి. కొట్టు లోగోకి డిథరింగ్ పెట్టుకో, అక్షరాలకు మాత్రం వెలుగు సగానికి పైనుంటే తెలుపు, కిందుంటే నలుపు అని కోసెయ్. ఫాంటు కాస్త లావుపాటిది ఎంచుకో. 24 చుక్కల ఎత్తులో ఇంగ్లీషు హాయిగా చదవొచ్చు గానీ, వొత్తులున్న తెలుగు లైనుకు నేనైతే 36 కంటే తగ్గను. బిల్లు ఓ రెండంగుళాలు పెరుగుతుందని మీ బాబాయి గొణుగుతాడు. ‘శెనగపప్పు’ చదవలేకపోతే ఇంకా ఎక్కువ గొణుగుతాడు.

ఇదంతా చేతితో పని చేయించాక కప్స్ దగ్గరికి రా. 1999లో మైకేల్ స్వీట్ విడుదల చేసిన ప్రింటింగ్ వ్యవస్థ ఇది. చాలా లినక్స్‌లలోనూ మ్యాక్‌లోనూ ఉంటుంది. దాని సోర్స్‌తో పాటే రాస్టర్‌టులేబుల్, రాస్టర్‌టుఎప్సన్ అనే నమూనా డ్రైవర్లు వస్తాయి. ముందు లేబుల్‌ది చదువు, నీ పనికి దగ్గర చుట్టం. కప్స్ నీ ఫిల్టర్‌కు జాబ్ నంబరు, యూజర్, టైటిల్, కాపీలు, ఆప్షన్లు ఇస్తుంది, పేజీ బొమ్మ స్టాండర్డ్ ఇన్‌పుట్‌లో వస్తుంది. నువ్వు స్టాండర్డ్ అవుట్‌పుట్‌లో రాసిన ప్రతి బైటూ ప్రింటరుకు చేరుతుంది. డీబగ్ కోసం అక్కడొక ప్రింట్ లైను పెట్టావా, అదీ బిల్లులోకి ఎక్కుతుంది. మెసేజీలన్నీ స్టాండర్డ్ ఎర్రర్‌కే పోవాలి. ఫిల్టర్ ఫైలు రూట్ (సిస్టమ్ పెద్ద యూజర్) పేరు మీద ఉండాలి, ఇతరులకు రాసే పర్మిషన్ ఉంటే కప్స్ దాన్ని నడపదు. చాలామంది ఒక పూటంతా పోగొట్టుకునేది ఇక్కడే.

కొత్తవాళ్లు పట్టించుకోనివి రెండున్నాయి. ఒకటి, పేజీ చివరి ఖాళీ. బిల్లు నాలుగంగుళాలే ఉన్నా పేజీ సైజు ఏ4 అని ఉంటే మిగతా తెల్లకాగితమంతా బయటికొస్తుంది. ఖాళీ వరసలు లెక్కపెట్టుకుంటూ వెళ్లు, తర్వాత నల్లచుక్క వస్తేనే వాటిని పంపు, రాకపోతే వదిలెయ్. రెండోది జాబ్ క్యాన్సిల్. అప్పుడు కప్స్ సిగ్‌టర్మ్ అనే ఆగిపొమ్మనే సంకేతం పంపుతుంది. బొమ్మ మధ్యలో నువ్వు టక్కున ఆగిపోతే, ప్రింటరు మిగతా వరసల కోసం ఎదురుచూస్తూ తర్వాతి కస్టమర్ బిల్లు మొదటి భాగాన్ని బొమ్మ కింద మింగేస్తుంది. మొదలుపెట్టిన ముక్కను సున్నాలతోనైనా నింపి అప్పుడు ఆగు.

ఇంకా ప్రింటర్ డ్రైవర్లు ఎవరు రాస్తున్నారని మీ సీనియర్ అన్నాడన్నావు. ఇంట్లో, ఆఫీసులో వాడే కొత్త ప్రింటర్ల వరకు అతని మాట నిజమే. ఐపీపీ ఎవ్రీవేర్ లాంటి పద్ధతులతో అవి డ్రైవర్ లేకుండానే పనిచేస్తున్నాయి. విండోస్ అప్‌డేట్ ద్వారా వేరే కంపెనీల ప్రింటర్ డ్రైవర్లను ఇవ్వడం క్రమంగా ఆపేస్తామని మైక్రోసాఫ్ట్ కూడా 2023లోనే చెప్పింది. కప్స్‌లో ప్రింటరు వివరాలు రాసే పీపీడీ ఫైళ్లకూ రోజులు దగ్గరపడ్డాయి, వాటి మీద ఎక్కువ టైమ్ పెట్టకు, నీ ప్రింటరు సైజులు రాసుకునేంత నేర్చుకుంటే చాలు. బిల్లు, లేబుల్ ప్రింటర్లకు మాత్రం ఈ పని ఇంకా ఉంది. రేపు దీన్ని ప్రింటర్ అప్లికేషన్ (డ్రైవర్ పని చేసే విడి ప్రోగ్రాము) రూపంలోకి మార్చినా, లోపల 48 బైట్ల వరస పంపే కోడ్ అదే.

ఈసారి ఎక్కడైనా ఆగిపోతే చీటీ ఫొటో ఒక్కటే పంపకు. ఫిల్టర్ అవుట్‌పుట్‌ను ఫైల్లోకి మళ్లించి, బైట్లను అంకెల్లో చూపే హెక్స్‌డంప్‌లో మొదటి 64 బైట్లు కూడా రాసి పంపు. ప్రింటరు సెల్ఫ్ టెస్ట్ చీటీలో ఏముందో అదీ రాయి.

ఉంటాను,
అన్నయ్య