గాయం లెక్క తేలకముందే సంతకం పెట్టకండి

సైకిల్‌ని కారు గుద్ది వారం కూడా కాలేదు, అప్పుడే అవతలి ఇన్సూరెన్స్ వాళ్ళు డబ్బు ఇస్తామంటున్నారు, తీసుకోవచ్చా అని అడిగారు. ఇప్పుడే వద్దండి.

నాకూ ఇలాగే జరిగింది. కారు తగిలి అరచేతులు ఆనించి పడ్డాను. మొదటి ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు. కానీ బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గర నొక్కితే ప్రాణం పోయేది. డాక్టరుకి అక్కడే అనుమానం వచ్చి, కట్టు వేసి మళ్ళీ రమ్మన్నారు. రెండోసారి తీస్తే స్కాఫాయిడ్ అనే చిన్న ఎముకలో చీలిక బయటపడింది. చేయి ఆనించి పడ్డవాళ్ళకి ఇది తరచుగా విరుగుతుందట. మొదట్లో ఎక్స్‌రేకి దొరక్కపోవచ్చు, అందుకే 10–14 రోజులకి మళ్ళీ తీస్తారు. రక్తప్రసరణ తక్కువ కాబట్టి అతకడానికి నెలలు పట్టొచ్చు.

ఈలోపే కారు ఇన్సూరెన్స్ వాళ్ళ కాగితం వచ్చింది. చివర్లో, ఈ ప్రమాదం విషయంలో ఇకపై ఏ క్లెయిమూ చేయనని ఒక వాక్యం. దాని కింద సంతకం పెట్టేస్తే, తర్వాత బయటపడే ఎముక ఖర్చు మామూలుగా మన నెత్తినే పడుతుంది.

ఫోన్‌లో "ఎలా ఉన్నారు" అంటే మర్యాదకి "బాగానే ఉన్నానండి" అనేస్తాం. ఆ మాట రికార్డు కావచ్చు. "ఇంకా చికిత్సలో ఉన్నాను" అనండి, అంతే.

సైకిల్ డబ్బుకి మాత్రం అంతకాలం ఆగక్కర్లేదు. దాన్ని విడిగా తేల్చమని అడగండి, ఆ కాగితంలో గాయాల ప్రస్తావన లేకుండా చూసుకోండి. షాపులో రాతపూర్వకంగా అంచనా తీసుకోండి. కార్బన్ ఫ్రేమ్ పైకి బాగున్నట్టే ఉండి లోపల పొరలు విడిపోయి ఉండొచ్చు. హెల్మెట్ లోపలి నురగ ఒకసారి నలిగితే మళ్ళీ కాపాడదు, దాని ఖరీదూ కలపండి. వాళ్ళు చూసేదాకా ఏదీ పారేయొద్దు, రిపేరు చేయించొద్దు.

పోలీసు రిపోర్టు, ఫోటోలు, సాక్షుల నంబర్లు, బిల్లులు, జీతం పోయిన రోజుల లెక్క ఒకచోట పెట్టుకోండి. ఆస్పత్రి ఖర్చు మీ ఆరోగ్య బీమా కట్టి ఉంటే, చాలాచోట్ల వాళ్ళకీ ఈ డబ్బులో వాటా ఉంటుంది. అది తీసేశాక మీ చేతికి ఎంత మిగులుతుందో చూసుకునే ఒప్పుకోండి.

ఇక మెరుగయ్యేది ఇంతేనని మా డాక్టరు రాసిచ్చాకే నేను మొత్తం అడిగాను. ఫిజియోథెరపీ బిల్లులతో సహా ఇచ్చారు. అయితే దావా వేయడానికి గడువు ఉంటుంది, ఒక్కో దేశంలో ఒక్కోలా. అది ముందే కనుక్కోండి. తప్పు మీదేనని వాళ్ళు వాదిస్తుంటే మాత్రం ఈ వారమే లాయర్‌ని కలవండి.