కొన్ని విషయాల్లో మనకి నచ్చని అభ్యర్థికి ఓటెయ్యొచ్చా?

వెయ్యొచ్చు, నేనైతే వేస్తా. మా చిత్తూరు సైడు తోతాపురి మామిడి కోతలప్పుడు పల్ప్ ఫ్యాక్టరీ గేటు బయట ట్రాక్టర్లు రాత్రంతా క్యూలో నిలబడి కాయ మెత్తబడిపోతా ఉంటాది, అప్పుడు ఫ్యాక్టరీవాళ్లనీ రైతుల్నీ ఒకచోట కూర్చోబెట్టి రేటు తేల్చే మనిషి కావాల మాకు. మద్యం పాలసీ మీద ఆయన మాట నాకు అస్సలు నచ్చకపోయినా సరే, ఎందుకంటే 1985 నుంచి పార్టీ ఫిరాయింపుల చట్టం ఉంది కదా, అసెంబ్లీలో పార్టీ విప్ (ఇట్నే ఓటెయ్యాలనే ఆదేశం) ఇస్తే ఎమ్మెల్యే అట్నే ఓటెయ్యాల, లేదంటే సీటుకే ఎసరు, సొంత అభిప్రాయానికి అక్కడ చోటు తక్కువ. ఎవరూ నచ్చలేదని నొక్కే నోటా 2013లో వచ్చింది గానీ దానికే ఎక్కువ పడినా అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లొచ్చినోడే ఎమ్మెల్యే. కులం పేరుతో ఊర్లో చిచ్చు పెట్టేవాడైతే మాత్రం ఎంత పనిమంతుడైనా వెయ్యను. ఓటేసినాం కదా అని నోరు మూసుకోవద్దండీ, నచ్చనిది ఊర్లోకొచ్చినప్పుడు మొహం మీదే అడగండి.