రెండు రూపాయల వడ్డీ, ఒక రీసెర్చ్ ప్రాజెక్టు

వచ్చే నెల అమలాపురం నుంచి అమెరికా బయలుదేరుతున్న ఒక అమ్మాయి తనకు ప్రొఫెసర్ దగ్గర రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్ దొరికిందని, ఫీజు మాఫీతో పాటు నెలనెలా స్టైపెండ్ ఇస్తారని చెబుతూ, ఏ జాగ్రత్తలు తీసుకోవాలని అడిగారు. చాలా సంతోషమమ్మా. తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదన్న నిబంధన వంటివి విదేశీ విద్యార్థుల కార్యాలయంలో సరిచూసుకోండి. వాళ్ళు చెప్పని సంగతి ఒకటుంది, అది నేను చెబుతాను.

మాది అల్లవరం మండలం. 2010లో నేను అమెరికా వచ్చేటప్పుడు నాన్నగారు కొబ్బరితోట కాగితాలు తాకట్టు పెట్టి, నూటికి రెండు రూపాయల వడ్డీకి ఎనిమిది లక్షలు తెచ్చారు. నెల తిరిగేసరికి వడ్డీకే 16,000 కావాలి. నా స్టైపెండ్ 1,200 డాలర్లు. అప్పట్లో డాలరు సుమారు 45 రూపాయలు కనుక, పాల డబ్బా ముట్టుకున్నా 45తో హెచ్చవేసేవాణ్ణి. ఆ లెక్క వంటింటితో ఆగితే బాగుండేది.

నా ప్రాజెక్టు ఉపగ్రహ చిత్రాల్లో మన గోదావరి డెల్టా తీరం ఎలా మారిందో కొలవడం. అమెరికా వారి ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు తీసిన చిత్రాలు ఉచితంగా దొరుకుతాయని తెలిసి నేను పడిన సంబరానికి ప్రొఫెసర్ గారు నవ్వారు. నీరు పరారుణ కాంతిని పీల్చుకుంటుంది కనుక ఆ చిత్రాల్లో నల్లగా కనిపిస్తుంది. నల్లగా ఉన్నదంతా నీరని, తీరం పక్కన ఉన్న నీరంతా సముద్రమని లెక్కకట్టే ప్రోగ్రాం రాశాను. మా మండలంలోని ఓడలరేవు వైపు సముద్రం రెండు కిలోమీటర్లు లోపలికి వచ్చిందని తేలింది. పెద్ద విషయమే కనిపెట్టానని మురిసిపోయి మూడు వారాలు ఆ పటాలకు రంగులు దిద్దాను. ఒక రాత్రి ఒక నల్లని ముక్కను పెద్దది చేసి చూస్తే, దానికి గీత గీసినట్టు తిన్నని అంచులు, నాలుగు మూలలు ఉన్నాయి. సముద్రానికి మూలలెక్కడివి? అవి రొయ్యల చెరువులు. మా బాబాయి కౌలుకు చేసే చెరువును కూడా నేను బంగాళాఖాతంలో కలిపేశాను.

మర్నాడే వెళ్ళి చెప్పి ఉండవలసింది. తప్పు బయటపడితే అసిస్టెంట్‌షిప్ పోతుందని, అది పోతే వడ్డీ కట్టడం ఆగిపోతుందని భయపడి ఆరు వారాలు దాచాను. ప్రతి సమావేశంలో ప్రొఫెసర్ గారు ‘అంతా బాగుందా’ అని అడిగితే, మన వైపు అలవాటు ప్రకారం ‘ఆయ్, బాగుందండి’ అన్న ధోరణిలో తల ఊపేవాణ్ణి. చివరికి చెప్పినప్పుడు ఆయన చెరువుల గురించి ఒక్క మాటా అనలేదు. ఆరు వారాల గురించి మాత్రం అడిగారు. ఏ తేదీ చిత్రానికి ఏ హద్దు విలువ, అంటే ఎంత నలుపుంటే నీరనే కొలత, వాడావో చూపించమన్నారు. నా దగ్గర ఒక్క ముక్క రాసి లేదు. ఏ రోజు ఎన్ని కిలోల మేత వేశారో, చెరువు నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఎన్ని గంటలు తిరిగాయో బాబాయి అట్టపుస్తకంలో తప్పకుండా రాసుకుంటాడు. ఇంజనీరింగ్ చదివిన నాకు ఆ పాటి బుద్ధి లేకపోయింది. తరువాతి సెమిస్టరు ఆ అసిస్టెంట్‌షిప్ మరొకరికి వెళ్ళింది. నేను కళాశాల భోజనశాలలో గిన్నెలు కడిగి నెట్టుకొచ్చాను.

ఆ చెరువులను వేరుచేసి, లెక్కలన్నీ మొదటినుంచి చేసి, 2012లో థీసిస్ ముగించాను. మరుసటి ఏడాది తోట కాగితాలు ఇంటికి చేరాయి. మీ తరానికి అన్నీ ఫోనులోనే దొరుకుతాయి గనుక ఇదంతా చాదస్తమనిపించవచ్చు. అయినా వెళ్ళిన రోజే ఒక అట్టపుస్తకం కొనుక్కోండి. మొదటి స్టైపెండ్ అంతా ఇంటికి పంపేయకుండా మూడు నెలల అద్దె చేతిలో పెట్టుకోండి. అద్దె డబ్బు చేతిలో ఉన్న మనిషికి ‘నా లెక్క తప్పిందండి’ అనడం అంత కష్టం కాదు. చాలాచోట్ల అసిస్టెంట్‌షిప్ తొమ్మిది నెలలకే ఉంటుంది, వేసవికి ఉండదు. వేసవి సంగతి జనవరిలోనే అడగండి. నేను మొహమాటపడి మే నెలలో అడిగేసరికి, ఉన్న ఒక్క ఖాళీని మా పక్క గది కుర్రాడు మార్చిలోనే అడిగి తీసుకున్నాడు.